దొరికిన పాట ఎవరిది?

1

మూలనపడిన గ్రామఫోను రికార్డులను, బూజుపట్టిన కాసెట్లను, ఎవరో ఎప్పుడో తీసి మరచిపోయిన చిత్రాల ముక్కలను వెతికి పట్టి ఇంటర్నెట్‌లో నలుగురితో పంచుకోవడం ఈనాడు ఒక విస్తృతమైన సాంస్కృతిక ఆచరణగా రూపొందింది. ఈ పని చేస్తున్నవాళ్లలో ఆచార్యులూ పరిశోధకులూ తక్కువ. గుమాస్తాలు, బడిపంతుళ్లు, రేడియోలు బాగుచేసుకునేవాళ్లు, పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగులు, ఉద్యోగం దొరకని యువకులు ఎక్కువ. విశ్వవిద్యాలయాలు ఏళ్ల తరబడి తలపెట్టని పనిని వాళ్లు తమ జేబు డబ్బులతో, తమ తీరిక వేళల్లో చేస్తున్నారు. నాలుగు దశాబ్దాల క్రితం ఒక నాటక పద్యం రికార్డు వినాలంటే అది ఉన్న ఇంటికి వెళ్లి ఆ ఇంటి యజమాని దయ కోసం ఎదురుచూడవలసి వచ్చేది. ఇవాళ పల్లెలో ఉన్న విద్యార్థి కూడా దాన్ని వినగలుగుతున్నాడు. ఇది సామాన్యమైన మార్పు కాదు.

అయితే ఈ ఆచరణను మన విమర్శ ఇంతవరకు పట్టించుకున్న దాఖలాలు తక్కువ. పట్టించుకున్న కొద్దిమందిలోనూ రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి, గతమంతా బంగారమే, పాతది ఏదైనా గొప్పదే అనే పరవశం. రెండవది, ఇదంతా పొద్దుపోని వాళ్ల కాలక్షేపం, దీనికీ సాహిత్యానికీ సంబంధం లేదనే చిన్నచూపు. మొదటి ధోరణి చరిత్రను పూజగదిలో పెడుతుంది. రెండవది చరిత్రను చెత్తబుట్టలో వేస్తుంది. రెండింటిలోనూ లోపించినది ఒకే ప్రశ్న: ఈ దొరికిన పాట ఎవరి శ్రమ? అది ఎవరి చేతుల నుంచి ఎవరి చేతులకు, ఏ షరతుల మీద వచ్చింది?

ఎన్నుకోవడం, వరుసపెట్టడం, పేరు పెట్టడం, పరిచయం చేయడం అనే నాలుగు పనులూ విమర్శకుడి పనులే. ఒక రికార్డును ఎంచి, దానికొక శీర్షిక పెట్టి, రెండు మాటలు రాసి లోకం ముందు పెట్టినవాడు తనకు తెలిసినా తెలియకపోయినా విమర్శ చేస్తున్నాడు. కనుక ఆ పనిని విమర్శ ప్రమాణాలతోనే పరిశీలించవలసి ఉంటుంది.

2

దొరికిన వస్తువు ఆకాశం నుంచి ఊడిపడదు. పాత రికార్డు అనగానే మన మనసులో ఒక స్వచ్ఛమైన గతం మెదులుతుంది. నిజానికి అది మొదటి రోజు నుంచీ సరుకే.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్లని పళ్లేనికి ముడిపదార్థం లక్క. చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టిన ఆ లక్కను గీకి సేకరించినవాళ్లలో అత్యధికులు ఛోటానాగపూర్, మధ్యభారత అడవుల ఆదివాసులు. ప్రపంచపు రికార్డు పరిశ్రమకు లక్కను సరఫరా చేసిన దేశాల్లో మనదే ప్రధాన స్థానం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ సరఫరా తగ్గేసరికి 1942లో అమెరికాలో లక్క వాడకం మీద ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. పారిస్‌లో మోగిన పాట అయినా, న్యూయార్కులో మోగిన పాట అయినా, దాని కింద మన అడవిబిడ్డ చేతి పని ఉంది. ఏ రికార్డు మీదా ఆ పేరు ఉండదు.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఉద్యోగి తన కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతును నమోదు చేశాడు. అప్పటి రికార్డుల చివర గాయని తన పేరు తానే ఇంగ్లీషులో ప్రకటించడం వినిపిస్తుంది. ఇవాళ వినేవాళ్లకు అది ముచ్చటగా, కొంత వింతగా తోస్తుంది. కాని దాని వెనుక ఉన్నది ఉత్పత్తి అవసరం. మైనపు అచ్చులు ఓడలో జర్మనీలోని హనోవరు కర్మాగారానికి వెళ్లేవి. అక్కడి పనివాళ్లకు ఈ భాషలు రావు. ఏ పళ్లేనికి ఏ చీటీ అంటించాలో వాళ్లకు తెలియడానికే ఆ ప్రకటన. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వచ్చాక ఆ అవసరం క్రమంగా తగ్గింది. కంపెనీ లెక్కల కోసం పుట్టిన ఆ అలవాటే ఒక గాయని పేరును 120 ఏళ్లు దాటించి మన చెవిదాకా తెచ్చింది. పక్కన తబలా, సారంగి వాయించినవాళ్లను పేరు చెప్పమని ఎవరూ అడగలేదు. వాళ్లలో చాలామంది పేర్లు పోయాయి.

మన పద్యనాటకాల రికార్డుల విషయం చూద్దాం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు రంగస్థలం మీద ఎలా సాగేవో పాతతరం వారు చెబుతూ ఉంటారు. ఒక్కొక్క పద్యానికి రాగాలాపన, ప్రేక్షకుల చప్పట్లు, మళ్లీ పాడమని కేకలు. పది అంగుళాల రికార్డు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. అందులో ఇమడాలంటే ఆలాపన కత్తిరించాలి, సంభాషణ తగ్గించాలి, ప్రేక్షకుడు ఉండనే ఉండడు. కనుక ఇవాళ మనకు దొరికేది నాటకం కాదు, నాటకాన్ని సరుకు కొలతకు కుదించిన రూపం. కళారూపం మీద ఉత్పత్తి సాధనాల ప్రభావం ఎంత సూటిగా ఉంటుందో చెప్పడానికి సాహిత్య విద్యార్థులకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఈ సంగతి చెప్పకుండా అలనాటి నాటకం ఇలా ఉండేదంటూ ఆ మూడు నిమిషాలను పంచితే వినేవాడికి అబద్ధం చెప్పినట్టే అవుతుంది.

3

మరి పంచుకోవడం వల్ల మేలు జరగదా? జరుగుతుంది. చరిత్రలో దానికి బలమైన నిదర్శనాలు ఉన్నాయి.

అమెరికాలో హ్యారీ స్మిత్ అనే సేకర్త పాత దుకాణాల్లో, యుద్ధకాలపు తుక్కులో ఏరిన రికార్డుల నుంచి 84 పాటలను ఎంచి, 1952లో ఫోక్‌వేస్ సంస్థ ద్వారా ఒక సంకలనంగా వెలువరించాడు. అవన్నీ 1920ల చివర, 1930ల మొదట్లో వచ్చినవి. ఆ పాటలను మొదట అమ్మిన కంపెనీలు నల్లవారి పాటలకు ఒక జాబితా, తెల్ల పల్లీయుల పాటలకు మరొక జాబితా వేరువేరుగా నడిపాయి. సంగీతంలోనూ వర్ణవివక్ష గోడ కట్టాయి. స్మిత్ ఆ గోడను లెక్కచేయలేదు. కథాగీతాలు, సామాజిక సంగీతం, పాటలు అని మూడు భాగాలు చేసి, పాడినవాడి చర్మం రంగు ఎక్కడా రాయకుండా పక్కపక్కన పెట్టాడు. విన్నవాళ్లు చాలాచోట్ల పాడింది నల్లవాడో తెల్లవాడో పోల్చుకోలేకపోయారు. వరుస మార్చడం మాత్రంతోనే ఒక అబద్ధం బయటపడింది. పంచుకునేవాడి ఎన్నిక ఎంత పెద్ద రాజకీయ చర్య కాగలదో ఇది చెబుతుంది. అంతేకాదు, అసలు కంపెనీల అనుమతి కోసం ఆగకుండానే ఆ సంకలనం వెలువడింది. అనుమతి కోసమే కూర్చుని ఉంటే అది వచ్చేదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ఆ సంకలనంలో ఉన్నవాళ్లలో మిసిసిపీ జాన్ హర్ట్ ఒకడు. 1928లో కొన్ని పాటలు రికార్డు చేశాడు. ఆ తరువాత ఆర్థిక సంక్షోభం వచ్చింది, కంపెనీ ఆయనను మరచిపోయింది. ఆయన తన ఊళ్లో వ్యవసాయ కూలీగా బతుకుతూ పోయాడు. ఒక పాటలో ఆయన తన ఊరు ఆవలాన్ అని చెప్పుకున్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని 1963లో ఒక యువ సేకర్త పటం మీద ఊరు వెతికి వెళ్లేసరికి జాన్ హర్ట్ అక్కడే ఉన్నాడు. ఆ సంవత్సరమే న్యూపోర్టు ఉత్సవంలో వేలమంది ముందు పాడాడు. 1966లో కన్నుమూసేదాకా ఆయన జీవితంలో చివరి మూడేళ్లు మారిపోయాయి. ఈ కథను పత్రికలు జాన్ హర్ట్ మళ్లీ దొరికాడని రాశాయి. ఆయన ఎన్నడూ తప్పిపోలేదు. 35 ఏళ్లూ ఊళ్లోనే ఉన్నాడు, పొలం పనిలోనే ఉన్నాడు. వెతికే చూపు లేకపోవడమే అక్కడి లోటు.

ఈ కథలో మనం గ్రహించవలసిన సారం ఒకటి ఉంది. రికార్డు దొరికిన చోట ఆగిపోకుండా, పాడిన మనిషి ఏమయ్యాడు అని అడిగినప్పుడే పంచుకోవడం మానవ సంబంధంగా మారింది. అడగకపోతే ఏమవుతుందో చెప్పే మరొక కథ ఉంది. అది మన శిబిరానికి చెందినదే కావడం వల్ల మనం మరింత శ్రద్ధగా చదవాలి.

4

సాలమన్ లిండా దక్షిణాఫ్రికా జులూ గాయకుడు. పల్లె నుంచి జోహానెస్‌బర్గ్‌కు పనికోసం వచ్చి ఒక రికార్డు కంపెనీలో సరుకు కట్టే కూలీగా చేరాడు. ఆ కంపెనీ స్టూడియోలోనే 1939లో తన బృందంతో ఎంబూబే అనే పాట పాడాడు. ఆ మాటకు సింహం అని అర్థం. పాట మీద హక్కులకు ఆయనకు ముట్టినది 10 షిల్లింగులు. ఆఫ్రికాలో ఆ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది.

ఆ రికార్డు ఒక ప్రతి అమెరికా చేరింది. జానపద గీతాల సేకర్త అలన్ లోమాక్స్ దాన్ని తన మిత్రుడు పీట్ సీగర్‌కు ఇచ్చాడు. వింత సంగీతాన్ని వెతికి స్నేహితులతో పంచుకోవడానికి ఇది అచ్చమైన ఉదాహరణ. ఇద్దరూ అభ్యుదయవాదులే. సీగర్ కార్మికుల సభల్లో పాడినవాడు, మెకార్తీ కాలపు వేటను ఎదుర్కొన్నవాడు. ఆయన ఆ పాటను విని రాసుకున్నాడు. భాష తెలియక జులూ మాటను విమోవే అని విన్నాడు. 1950ల మొదట్లో ఆయన బృందం వీవర్స్ దాన్ని పాడి పేరు తెచ్చుకుంది. రికార్డు మీద రచయిత పేరు పాల్ కాంప్‌బెల్ అని పడింది. అటువంటి మనిషి లేడు. సంప్రదాయ గీతాల మీద రాబడి దక్కించుకోవడానికి వాడిన కల్పిత నామం అది. 1961లో అదే బాణీకి ఇంగ్లీషు మాటలు కట్టి మరొక బృందం ప్రపంచమంతా మోగించింది. 1994లో డిస్నీ వారి సింహరాజు చిత్రంలోకీ అది వచ్చింది. లిండా మాత్రం 1962లోనే పేదరికంలో చనిపోయాడు.

సీగర్ తనకు అసలు కర్త సంగతి తెలిశాక లిండాకు 1000 డాలర్లు పంపించాడు. రాబడి కూడా క్రమంగా అందుతున్నదనే అనుకున్నాడు. అందలేదు. 2000లో ఒక పాత్రికేయుడు ఈ చరిత్రనంతా తవ్వి తీశాక, లిండా కుమార్తెల తరఫున 2004లో డిస్నీ మీద దావా పడింది. 1911 నాటి బ్రిటిష్ సామ్రాజ్య కాపీరైటు చట్టంలో రచయిత చనిపోయిన 25 ఏళ్లకు హక్కులు వారసులకు తిరిగి రావాలన్న నిబంధన ఒకటి ఉంది. దాన్ని ఆధారం చేసుకున్నారు. 2006లో రాజీ కుదిరి వాళ్లకు కొంత దక్కింది. వలసపాలన చట్టంలోని ఒక మూలన మిగిలిన నిబంధన ఆ కుటుంబాన్ని ఆదుకోవడం చరిత్రలోని వైచిత్రి.

సీగర్ దుర్మార్గుడు కాడు. అందుకే ఈ ఉదాహరణ ముఖ్యమైనది. సదుద్దేశం ఉన్నవాడి చేతిలో కూడా, పేరులేని పాట కంపెనీ సొత్తుగా మారే ప్రమాదం తప్పలేదు. దీనికి తలుపు తెరిచిన మాట ఒకటి ఉంది: సంప్రదాయం. ఒక పాటకు జానపదం, సంప్రదాయం అన్న ముద్ర వేసిన క్షణం అది కర్త లేని పాట అవుతుంది. కర్త లేనిది కనుక మొదట నమోదు చేసుకున్నవాడిదే అవుతుంది. ప్రజల ఉమ్మడి సృష్టిని గౌరవించడానికి మనం వాడుతున్న మాటనే పెట్టుబడి ఆక్రమణకు పత్రంగా వాడుకుంటున్నది.

మన దగ్గర కూడా ఈ మరుపు పనిచేస్తూనే ఉంది. 'బండెనక బండి కట్టి' పాటను గద్దర్ పాటగానే ఎంతోమంది చెప్పుకుంటారు. మాభూమి చిత్రంలో ఆయన గొంతూ ఆయన రూపమూ దానితో అంతగా కలిసిపోయాయి. ఆ పాట తెలంగాణ సాయుధ పోరాట కాలంలో పోరాడి ప్రాణమిచ్చిన బండి యాదగిరిది. అదే చిత్రంలోని 'పల్లెటూరి పిల్లగాడా' సుద్దాల హనుమంతుది. ఈ చిత్రపు ముక్కలు ఇవాళ చేతులు మారుతున్నప్పుడు ఆ పేర్లు వెంట వస్తున్నాయా లేదా అన్నది చిన్న విషయం కాదు. గద్దర్ 2023లో మరణించాడు. ఆయన గొంతును కాపాడుకోవడం మన బాధ్యత. బండి యాదగిరి పేరును ఆ గొంతు వెనుక పోగొట్టుకుంటే ఆ బాధ్యతను సగమే నెరవేర్చినట్టు.

5

దొరికినదాన్ని ఎలా పంచాలి అన్న ప్రశ్న తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. మన ప్రాచీన సాహిత్యంలో సగం దొరికిన సాహిత్యమే. సి.పి. బ్రౌన్ తాళపత్రాలు సేకరించి, పండితులను జీతమిచ్చి పెట్టుకుని ప్రతులు రాయించి, పాఠాలు సరిచూపించి, 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. బ్రౌన్ పేరు నిలిచింది. రాత్రింబవళ్లు ప్రతులు పోల్చిన పండితుల పేర్లు పరిశోధకులకు తప్ప మరెవరికీ తెలియవు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చాడు. ఆ కవి నన్నయకన్నా ముందువాడన్న ఆయన వాదం మీద దశాబ్దాల పాటు చర్చ సాగింది. కావ్యాన్ని ఆయనే రాసి పాతకవి పేరు పెట్టాడేమోనన్న అనుమానం కూడా కొందరు వెలిబుచ్చారు. ఆ అనుమానాన్ని పండితలోకం నిలబెట్టలేదు. కాని ప్రతి ఎక్కడ దొరికింది, ఎంత భాగం దొరికింది, పరిష్కర్త ఏమి దిద్దాడు అన్న వివరాలకు ఎంత విలువ ఉందో ఆ వివాదం మనకు నేర్పింది.

పాఠపరిష్కరణ శాస్త్రం అడిగే ఆ ప్రశ్నలనే దొరికిన పాటకూ వేయాలి. ఏ రికార్డు, ఏ కంపెనీ, దాని మీద అంకె ఏమిటి, ఏ సంవత్సరం, పాడినదెవరు, వాయించినదెవరు, రాసినదెవరు? గరగర శబ్దం తీసివేయడానికి యంత్రంతో సరిచేశారా? వేగం మార్చారా? వేగం కొద్దిగా తప్పినా శ్రుతి మారిపోతుంది. శ్రుతి మారితే గొంతు స్వభావమే మారుతుంది. ఈ వివరాలు తెలియని చోట తెలియదని రాయడం కూడా పరిష్కర్త ధర్మమే. తాళపత్రంలో చిల్లు ఉన్నచోట చుక్కలు పెట్టడం మన పెద్దలు సిగ్గుపడవలసిన పనిగా భావించలేదు.

6

ఇక పంచుకునే వేదికల స్వభావం చూడవలసి ఉంది. యూట్యూబ్ వంటి వేదికలు ప్రజల గ్రంథాలయాలు కావు. అవి ప్రకటనలు అమ్ముకునే వ్యాపార సంస్థలు. శ్రోత ఎంతసేపు చూస్తాడన్నదే వాటికి కొలమానం. కనుక ఒక పాట ముందుకు రావడానికి దాని లోతు కాక, అది ఎంత త్వరగా చూపు పట్టేస్తుందన్నది నిర్ణాయకమవుతుంది. ఇక్కడ వింత అన్నది ఒక అంగడి వర్గంగా మారుతుంది. పల్లెలో ఒక కులం తరతరాలుగా వాయిస్తున్న వాద్యం ఆ పల్లెకు వింత కాదు. పట్నపు చూపుకు మాత్రమే అది వింత. వింత అన్న పేరు పెట్టగానే ఎవరి చూపు ప్రమాణమో తేలిపోతున్నది.

కిన్నెర మొగులయ్య విషయం అందరికీ తెలిసినదే. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన ఈ దక్కలి కళాకారుడు పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడేవాడు. ధనికులను దోచి పేదలకు పెట్టినవాడిగా పాలమూరు ప్రజలు చెప్పుకునే మనిషి పండుగ సాయన్న. మొగులయ్య వీడియోలు చేతులు మారాయి. 2021లో భీమ్లా నాయక్ చిత్రపు పాటలో ఆయన గొంతు తెలుగు దేశమంతా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో హైదరాబాదు శివారులో ఒక కట్టడం దగ్గర ఆయన కూలిపని చేస్తున్న దృశ్యం పత్రికల్లో వచ్చింది. నెలనెలా అందే పింఛను ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ కూలిపని దృశ్యం కూడా మళ్లీ చేతులు మారింది, దాన్నీ జనం చూశారు.

ఈ పరిణామంలో ఒక్క వ్యక్తిని తప్పుపట్టి ఊరుకోవడం తేలిక. అసలు విషయం వేరు. చూపులు పెరగడానికీ కళాకారుడి జీవనాధారానికీ మధ్య ఏ సంబంధమూ లేని ఏర్పాటు ఇది. ప్రకటనల రాబడి వీడియో ఎక్కించిన ఛానలుకు పోతుంది, వేదికకు పోతుంది. వాద్యం వాయించినవాడితో ఆ ఒప్పందంలో ఎవరికీ పని లేదు. మన కాపీరైటు చట్టానికి 1994లో చేరిన ప్రదర్శకుల హక్కులు, 2012లో వచ్చిన రాయల్టీ సవరణలు కాగితం మీద మంచివే. కాని వాటిని అడిగి తీసుకోవడానికి ఒప్పందపత్రం, సంఘ సభ్యత్వం, వకీలు కావాలి. కిన్నెర భుజాన వేసుకుని ఊరూరా తిరిగే మనిషికి ఈ మూడింటిలో ఏది ఉంది?

7

మరోవైపు నుంచి వచ్చే దాడి కూడా ఉంది. యజమానుల పేరిట పంచుకోవడాన్నే నేరంగా చూపే ప్రయత్నం అది.

అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని గ్రంథాలయం 78 చుట్ల రికార్డులను వేలాదిగా సేకరించి, ధ్వనిని కంప్యూటరులోకి మార్చి ఉచితంగా వినిపించే పథకం నడిపింది. 4 లక్షలకు పైగా రికార్డులు అలా భద్రమయ్యాయి. 2023 ఆగస్టులో పెద్ద రికార్డు కంపెనీలు దాని మీద దావా వేశాయి. మొదటి జాబితాలో ఉన్నవి 2,749 రికార్డులు. ఒక్కొక్కదానికి చట్టం అనుమతించే గరిష్ఠ పరిహారం 1,50,000 డాలర్ల చొప్పున లెక్కిస్తే 41 కోట్ల డాలర్లు దాటుతుంది. 2025 సెప్టెంబరులో రాజీ జరిగింది, షరతులు బయటపెట్టలేదు. జాబితాలో ఉన్న ప్రసిద్ధ గాయకుల పాటలు అంగట్లో దొరుకుతూనే ఉన్నాయి. కాని ఆ గ్రంథాలయంలో ఉన్న లక్షల రికార్డుల్లో అత్యధిక భాగాన్ని ఏ కంపెనీ మళ్లీ అమ్మదు, ఎవరూ అడగరు. దావా బెదిరింపు మాత్రం వాటన్నిటి మీదా వేలాడింది. తాను కాపాడనిదాన్ని మరొకరు కాపాడినా సహించని ఆస్తి హక్కు ఇది.

మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు విడుదలైన సంవత్సరం తరువాత 60 ఏళ్లు ఉంటుంది. మొదట అది 50 ఏళ్లే. రవీంద్రనాథ టాగూరు రచనల గడువు 1991తో ముగియబోతున్న వేళ ఈ 60 ఏళ్ల సవరణ వచ్చింది. 1960 లోపు విడుదలైన రికార్డులన్నిటికీ ఆ గడువు దాటిపోయింది. రచన మీద హక్కు వేరు. అది రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లు సాగుతుంది. ఇద్దరు కలిసి రాస్తే చివర పోయినవారి మరణం నుంచి లెక్కించాలి. తిరుపతి శాస్త్రి 1920లో, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో పోయారు. కనుక పాండవోద్యోగ విజయాల పద్యాలు 2010తో స్వేచ్ఛ పొందాయి. కరుణశ్రీ 1992లో పోయారు. ఘంటసాల గొంతులో వచ్చిన ఆయన పద్యాల పాత రికార్డుకు గడువు తీరినా పద్యం మీద హక్కు 2052 దాకా ఉంటుంది. ఇంత సూక్ష్మమైన తేడాలను వేదికల యంత్రాలు గుర్తించవు. 2007 నుంచి యూట్యూబ్ వాడుతున్న ఏర్పాటు ధ్వనిని ధ్వనితో పోల్చి హక్కుదారుడికి చెబుతుంది. అది గడువు లెక్కించదు. సర్వజనుల ఆస్తి అయిన రికార్డు మీద కూడా ఒక కంపెనీ దావా నిలబెట్టుకోవడానికి దారి ఉంటుంది. సామాన్యుడైన సేకర్త భయపడి తీసివేస్తాడు. అలా మన ఉమ్మడి ఆస్తి నిశ్శబ్దంగా జారిపోతుంది.

దీని నుంచి కొందరు మిత్రులు అసలు హక్కులే వద్దు, అన్నీ అందరివీ అనే నిర్ణయానికి వస్తున్నారు. సాలమన్ లిండా కుమార్తెల ముందు నిలబడి ఆ మాట అనగలమా? బలవంతుడి హక్కునూ బలహీనుడి హక్కునూ ఒకే గాటన కట్టడం సమానత్వం అనిపించుకోదు. శ్రమ చేసినవాడికి తన శ్రమ మీద హక్కు ఉండాలి. శ్రమ చేయని కంపెనీ ఆ హక్కును శాశ్వతంగా పట్టుకు కూర్చోరాదు. సంస్కృతి వారసత్వం ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఈ మూడూ ఒకదానికొకటి విరుద్ధాలు కావు. వీటిని విరుద్ధాలుగా చూపడంలోనే కంపెనీల ప్రయోజనం ఉంది.

8

ఈ చర్చంతా చూసి, పాట విని ఆనందించడానికి ఇన్ని ఆంక్షలా అని ఎవరైనా విసుక్కోవచ్చు. ఆనందాన్ని తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. రాత్రి డ్యూటీ ముగించి వచ్చి, ఈలపాట రఘురామయ్య పద్యం వింటూ నిద్రపోయే కార్మికుడి తృప్తి నిజమైనది. ఎవరూ ఎరగని పాట ఒకటి దొరికి, అది నాలాగే మరొకరికీ నచ్చాలని పంపే మనిషిలో ఉన్నది సహజమైన సోదరభావం. అంగడి ఆ భావాన్ని సృష్టించలేదు, దాన్ని వాడుకుంటున్నది. పేర్లూ చరిత్రా తెలియడం వల్ల ఆనందం తగ్గదు. ఆవలాన్ అనే ఊరిపేరు విన్నవాడికే జాన్ హర్ట్ దొరికాడు.

కనుక మన రచయితల సంఘాలూ సాహిత్య విద్యార్థులూ చేయదగిన పనులు కొన్ని స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒక్కొక్క జిల్లాలో రికార్డులు, కాసెట్లు ఉన్న ఇళ్లను గుర్తించాలి. ప్రజానాట్యమండలి, జననాట్యమండలి కళాకారుల పాటలకు రచయిత, బాణీ, గొంతు, ఊరు, సంవత్సరం వివరాలతో జాబితాలు తయారు చేయాలి. బతికి ఉన్నవాళ్లను బతికి ఉండగానే అడిగి రాసుకోవాలి. గడువు తీరిన రికార్డులను ప్రకటనల వేదికల దయకు వదలకుండా ప్రజా గ్రంథాలయాల్లో భద్రపరచాలని ప్రభుత్వాలను అడగాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పాఠపరిష్కరణ బోధించేటప్పుడు తాళపత్రంతో పాటు రికార్డును కూడా పాఠ్యంగా తీసుకోవాలి. జీతం లేకుండా, బిరుదు లేకుండా ఈ పని ఇప్పటికే చేస్తున్న సామాన్య సేకర్తలను మన సభలకు పిలిచి వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

అన్నిటికన్నా ముందు, ఒక పాటను మరొకరికి పంపే ప్రతి సందర్భంలోనూ ఇది ఎవరిది అన్న ప్రశ్నకు తెలిసిన మేరకు సమాధానం జోడించి పంపే అలవాటు మనతోనే మొదలుకావాలి. గౌహర్ జాన్ చేత ఆ పని కంపెనీ తన అవసరానికి చేయించింది. ఆమె పక్కన కూర్చున్న సారంగి విద్వాంసుడి కోసం ఆ పని చేయవలసినవాళ్లం మనం.